అన్నయ్య బిగించిన మర

"పనికిరానని నువ్వు కూడా చెప్పేస్తే ఇవాళే మానేస్తానత్తా."

ముఖానికి ఊపిరి కొలిచే మాస్కు తగిలిస్తుంటే మా మేనకోడలు అన్న మాటిది. నాకసలే ముక్కు మీద ఉంటుంది కోపం. "ముందు తొక్కవే తల్లీ, తర్వాత తీరిగ్గా ఏడుద్దువు గాని" అన్నాను.

ఆటగాళ్ల సత్తా కొలిచే ల్యాబులో నా ఉద్యోగం. ఇక్కడి సైకిల్ ఉన్నచోటే ఉండి, కాళ్ల బలాన్ని పెడల్ దగ్గరే కొలుస్తుంది. ఇంట్లో పిల్లకి వేరే ఏర్పాటుంది. తన రేసు సైకిల్‌నే స్టాండుకెక్కించి, వెనక చక్రాన్ని ఒక రోలర్‌కి ఆనించి తొక్కుతుంది. జట్టులోకి రావాలంటే రెండొందల వాట్లు దాటాలి. ఇంటి స్టాండేమో నూట అరవై దగ్గర చతికిలబడింది, పైగా నెలనెలా కిందికి జారుతోంది. ఆ అంకెలే ఫోన్లోంచి కోచ్‌కి వెళ్తాయి. ఇవాళ సాయంత్రం ఆయన పంపబోయే జట్టు జాబితాలో దీని పేరు లేదు. తినే తిండంతా ఎటు పోతోందే అని మా అన్నయ్య రోజూ సాధింపు.

అది తొక్కింది. నూట అరవై దాటింది. నూట తొంభై కూడా దాటి, రెండొందల పదిహేను దగ్గర ఆగింది.

సంతోషమా నా మొహమా! చిర్రెత్తుకొచ్చింది. సరిగ్గా ఇవాళే చెడాలా ఈ దిక్కుమాలిన సైకిల్? మెకానిక్‌ను పిలిచాను. విప్పి చూసి, దీనికే రోగమూ లేదు మేడమ్ అన్నాడు. నమ్మక నేనే ఎక్కి తొక్కాను. "మీ అంకె మాత్రం ఎప్పట్లాగే అధ్వానంగా ఉంది" అని పళ్లికిలించాడు. ఒళ్లు మండిపోయింది. బలం కొలిచే పెడల్స్ జత ఒకటి సంచీలో పడేసుకుని, పిల్లను వెంటబెట్టుకుని అన్నయ్య ఇంటికి బయల్దేరాను.

హాల్లో స్టాండు మీదున్న దాని సైకిల్‌కి నా పెడల్స్ బిగించి తొక్కమన్నాను. పెడల్స్ రెండొందలంటున్నాయి, స్టాండేమో నూట యాభై అంటోంది. వంగి చూద్దును కదా, రోలర్‌ను చక్రానికి నొక్కి ఉంచే మర బిగుసుకుపోయి, రోలర్ టైరులోకి దిగబడిపోయి ఉంది.

"దీన్నెవరు ఇంతలా బిగించింది?"

"ఇంకెవరు, నేనే" అన్నాడు అన్నయ్య దర్జాగా. ఆయన లిఫ్టు మెకానిక్. వదులుగా ఉన్న మర కంటపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. "రోజూ పొద్దున్నే చూస్తా. కాస్త సందు దొరికితే బిగిస్తా. మా పనిలో వదులంటే ప్రాణాలకే ముప్పు."

"ఇది లిఫ్టా అన్నయ్యా? చక్రం ఎంత వేగంగా తిరిగిందో చూసి అంకె వేస్తుందంతే! నువ్వెంత నొక్కావో దానికేం తెలుసు? ఇన్నాళ్లూ నువ్వు బ్రేకు పట్టుకు కూర్చుంటే పిల్ల బండి లాగింది!"

"జారిపడుతుందేమోనని..." అని గొణిగాడు.

తిట్టే ఓపిక కూడా లేక కోచ్‌కి ఫోన్ కొట్టాను. ఆయన మొదట నమ్మలేదు. నా ఉద్యోగం మీద ఒట్టేశాక, ల్యాబు రిపోర్టు వెంటనే పంపండి, పేరు చేరుస్తానన్నాడు. నాకు ఊపిరొచ్చింది.

అన్నయ్య ముఖం వెలిగిపోయింది. "చూశావా? నీకు దమ్ముందని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా!"

సీటు మీద కూర్చున్న పిల్ల నవ్వలేదు. "ఎప్పుడన్నావు నాన్నా?"

అన్నయ్య సాయం కోసం నావైపు చూశాడు. నేనేం ఆదుకోలేదు. ఎందుకు ఆదుకోవాలి? ఆరు నెలలుగా ఏడ్చింది ఆయన కాదు.

చివరికి నేల మీద చతికిలబడి మర మీద చెయ్యి వేశాడు. పెద్ద పెద్ద భవనాల లిఫ్టులు సైతం ఎవరినీ అడక్కుండా బాగుచేసే మనిషి, తలెత్తి కూతురిని అడిగాడు.

"ఎంత వదులు చెయ్యమంటావమ్మా?"

"తిప్పు. చాలని నేను చెప్తాగా."

తిప్పడం మొదలుపెట్టాడు. టైరు పైకి ఉబికి మామూలుగా అయింది. ఇంకొంచెం తిప్పేసరికి రోలర్ టైరును వదిలేసి పక్కకు జరిగింది. మధ్యలో వేలు పట్టేంత సందు. అన్నయ్య తల వంచుకుని తిప్పుతూనే ఉన్నాడు.

పిల్ల ఇంకా చాలనలేదు.