కూర్చుని చూసిన పెట్టె

సోమవారం ఉదయం ఫ్యాక్టరీ సైరన్ మోత ఇంకా చెవుల్లో ఉండగానే పెద్దాయన అట్టపెట్టెలో ఇరుక్కుపోయాడు.

ఆషామాషీగా కాదు. నడుము మొత్తం లోపలికి దిగిపోయింది. మోకాళ్లు వచ్చి గడ్డానికి తగిలాయి. ఒక చెప్పు గాల్లోకి లేచి కాగితం రీళ్ల మధ్య ఎక్కడో పడింది. ఇంత జరిగినా కుడిచేతిలోని టీ గ్లాసు మాత్రం నిటారుగానే ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు. అనుభవం అంటే అది.

"ఫెయిల్," అన్నాడు పెద్దాయన పెట్టెలోంచే.

"నాన్నా, ముందు బయటికి రా," అంది కూతురు.

"వస్తా. ముందు ఫెయిల్ అని రాసుకో."

ఆమె ఒక చెయ్యి, ఆమె బాబాయి ఒక చెయ్యి పట్టుకుని లాగారు. పెద్దాయన కదల్లేదు. పెట్టె కదిలింది. చివరికి పిన్నులు కొట్టే సెక్షన్ నుంచి కత్తి తెప్పించి పెట్టెని నిలువునా కోస్తే, గుడ్డులోంచి కోడిపిల్ల వచ్చినట్టు బయటపడ్డాడు. నిలబడి, లుంగీ దులుపుకుని, మిగిలిన టీ తాగాడు.

"టెస్టింగ్ మెషిన్‌లో పాసయింది నాన్నా. నిన్నంతా నొక్కి నొక్కి చూశాను. గోడౌన్‌లో పైకప్పు దాకా పేర్చినా కుంగదు."

"ఆ మెషిన్ టీ తాగుతుందా?"

"తాగదు."

"మరి ఎంతసేపు ఓర్చుకోవాలో దానికేం తెలుసు?"

చెప్పు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. కూతురు కోసిన పెట్టె ముక్కలు ఏరుకుంది. రేపు పదకొండింటికి బిస్కెట్ కంపెనీ కొనుగోళ్ల మేనేజరు వస్తున్నాడు. ఈ ఫ్యాక్టరీకి అతి పెద్ద కస్టమర్ ఆ కంపెనీయే. పోయిన వారం ఫోన్‌లో అతను చాలా మర్యాదగా గొంతు కోశాడు.

"మేడమ్, మీ పెట్టెలు బ్రహ్మాండం. మొన్న మా లారీ బోల్తా పడింది. లారీ నుజ్జయింది. మీ పెట్టెలకి గీత కూడా పడలేదు. డ్రైవరు వాటి మీద కూర్చునే నాకు ఫోన్ చేశాడు."

"థాంక్సండీ."

"థాంక్స్ కాదు మేడమ్, సమస్యే అది. షాపులవాళ్లు మీ పెట్టె విప్పడానికి రంపం తెచ్చుకుంటున్నారు. లారీలో బిస్కెట్ల కంటే మీ అట్టే బరువు. సగం బరువులో ఇస్తామని వేరేవాళ్లు నా గుమ్మంలో నిలబడ్డారు. మీరూ ఇస్తే సరే. లేదంటే ఇన్నాళ్ల స్నేహానికి ఒక దండం."

ఆ ఆర్డరు పోతే పెట్టెలు చేసే కొత్త మెషిన్ లైను ఆగుతుంది. నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఆ మెషిన్ కొనిపించింది ఆమె. దాని మీద పనిచేసేవాళ్లని ఒక్కొక్కరినీ ఏరి తెచ్చుకున్నదీ ఆమే. సగంమంది తల్లులు పాత షెడ్డులో జిగురు రాసినవాళ్లు. లైను ఆగిన రోజున వాళ్లందరికీ ఇక రావద్దని చెప్పాల్సిన నోరు కూడా ఆమెదే.

అందుకే ఈ తేలిక పెట్టె తయారుచేసింది. దానికి కావలసిందల్లా ఒక్కటి. కుర్చీ ముద్ర.

ఆ ముద్రకో కథ ఉంది. అన్నదమ్ములిద్దరూ రేకుల షెడ్డులో చేత్తో తిప్పే మెషిన్ పెట్టుకున్న రోజుల్లో సరుకంతా చెక్కపెట్టెల్లో వెళ్లేది. కాగితంతో పెట్టె చేశామంటే జనం నవ్వేవాళ్లు. సబ్బుల ఫ్యాక్టరీ యజమాని అయితే, "వానొస్తే ఇది పెట్టెనా, గుజ్జా?" అన్నాడట. అప్పటికి పూచికపుల్లలా ఉన్న పెద్దాయన పెట్టెని ఆ యజమాని గదిలోనే బోర్లించి, దాని మీద కూర్చుని, "టీ ఇప్పిస్తారా?" అన్నాడు. టీ వచ్చింది. నింపాదిగా తాగాడు. పెట్టె చెక్కుచెదరలేదు. గ్లాసు కింద పెట్టేసరికి ఆర్డరు చేతిలో ఉంది.

అప్పట్నుంచి అదే పద్ధతి. ఏ కొత్త రకం పెట్టె అయినా సరే, పెద్దాయన దాని మీద కూర్చుని టీ పూర్తి చెయ్యాలి. పెట్టె కుంగకుండా నిలిస్తే దాని మీద చిన్న కుర్చీ బొమ్మ, కింద 'కూర్చుని చూసిన పెట్టె' అన్న మాట అచ్చవుతాయి. ఆ అచ్చుదిమ్మ ఆయన సొరుగులో, తాళం వేసి ఉంటుంది. ముద్ర పడనిదే గేటు దాటదు.

షెడ్డు పోయి ఫ్యాక్టరీ వచ్చింది. చేతి మెషిన్ పోయి కరెంటు మెషిన్, అది పోయి ఈ చివర కాగితం పెడితే ఆ చివర పెట్టె ఊడిపడే మెషిన్ వచ్చాయి. పెట్టె కూడా ఎదిగింది. మూడు పొరల అట్ట ఐదు పొరలయింది, ఐదు ఏడయింది. ఎందుకయిందని ఎవరూ అడగలేదు. పెద్దాయన కూర్చుంటే కుంగేది, ఇంకో పొర వేసేవాళ్లు. అంతే.

కూతురు ఆఫీసు గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. ఎదురుగా గోడమీద పాత ఫోటో. సబ్బుల ఫ్యాక్టరీ ఆర్డరు వచ్చిన రోజున తీయించుకున్నది. తెల్ల చొక్కాలో ఒకే ఒక బక్కపలచని మనిషి, మొదటి పెట్టె మీద కూర్చుని.

రోజూ చూసే ఫోటోయే. ఆ రోజు మాత్రం ఆమె చూపు అక్కడే అతుక్కుపోయింది.

"బాబాయ్, ఈ ఫోటోలో నువ్వెందుకు లేవు?"

"చొక్కా ఒక్కటే కదమ్మా," అన్నాడు వెనకే వచ్చిన బాబాయి. "కస్టమర్ దగ్గరికి ఎవరెళ్తే వాళ్లు తొడుక్కునేవాళ్లం. ఆ రోజు అన్నయ్య వంతు. నేను బనీనుతో కెమెరా వెనక నిలబడ్డా."

"ఇద్దరికీ ఒకే సైజా?"

"గుండీ కూడా మార్చక్కర్లేదు. ఇదిగో, ఇప్పటికీ నాది అదే సైజు."

ఆమె మెల్లగా లేచి నిలబడింది. 

పావుగంటలో లోడింగ్ దగ్గర వల పన్నింది. లారీల సరుకు తూచే పెద్ద కాటా నేలకి సమంగా ఉంటుంది. సరిగ్గా దాని పక్కన ఒక కాగితం రీలు దొర్లించి పెట్టింది.

"నాన్నా, ఇలా వచ్చి ఈ రీలు తడిగా ఉందేమో చెయ్యి పెట్టి చూడు."

పెద్దాయన వచ్చి కాటా మీద నిలబడి రీలుని తడిమాడు. వెనక ముల్లు ఒక్క ఊపున పక్కకి వెళ్లి, అక్కడ కాసేపు వణికి, ఆగింది. ఆయన వెళ్లగానే బాబాయిని ఎక్కించింది. ముల్లు అందులో సగం దాకా కూడా రాలేదు.

అంటే కంపెనీ ప్రమాణం ఇన్నేళ్లుగా లావెక్కుతూ వచ్చింది. నాన్నతోపాటే. ఆ లావుకి సరిపడా ఊరంతటికీ అట్ట పొరలు వేస్తూ వచ్చారు.

నవ్వాలో ఏడవాలో తెలియక తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్నకి ఏం పెడుతున్నావు?"

"ఏం పెట్టాను? ఏళ్ల తరబడి కొలిచి పెడుతున్నా. రాత్రిపూట రెండు ముద్దలు. డాక్టరు కూడా చేతులెత్తేశాడు. గాలి పీల్చినా లావయ్యే ఒళ్లు నాది అంటారు మీ నాన్న."

గాలి పీల్చి అంత లావవ్వాలంటే తుపాను పీల్చాలి. ఫ్యాక్టరీలో గాలి కాక ఇంకేముంది? కాగితం, జిగురు, పిన్నులు. ఒక్కొక్కటే తలుచుకుంటూ వచ్చి ఠక్కున ఆగింది.

శాంపిల్ గది.

బిస్కెట్ కంపెనీ కొత్త సరుకు ఏది తెచ్చినా ముందుగా కొన్ని పెట్టెల నిండా ప్యాకెట్లు పంపుతుంది. వాటిని పేర్చి చూసి పెట్టె సైజు తేలుస్తారు. తేల్చాక ఆ బిస్కెట్లు ఏమవుతున్నాయని ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే ఆ గది తాళంచెవి పెద్దాయన మొలతాడుకి ఉంటుంది.

భోజనాల వేళ దాటాక ఆమె రీళ్ల చాటున కూర్చుంది. కాసేపటికి అడుగుల చప్పుడు. తాళం తీసిన చప్పుడు. తర్వాత కాగితం చిరిగిన చప్పుడు. అది అట్ట కాగితం కాదని, ఆ వ్యాపారంలో పుట్టి పెరిగిన చెవులు వెంటనే పసిగట్టాయి.

తలుపు తోసింది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"కొలతలు తీస్తున్నా."

"స్కేలేది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "కంటికొలత."

"మీసం మీద క్రీముంది."

పెద్దాయన మీసం తుడుచుకుని, తుడిచిన వేలు ఏం చెయ్యాలో తోచక నోట్లో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్లుగా?"

"ఆ కంపెనీ వచ్చినప్పట్నుంచి. మొదట్లో ఉత్త బిస్కెట్లే పంపేవాళ్లు, పెద్దగా తినబుద్ధయ్యేది కాదు. క్రీమువి మొదలుపెట్టింది వాళ్లే. అందులో నా తప్పేం లేదు."

ఆమె తలుపు దగ్గరగా వేసింది. "చూడు నాన్నా. రేపు ఆ మేనేజరు ముందు బాబాయ్ కూర్చుంటాడు. నువ్వు ముద్ర ఇస్తావు. ఈ గది సంగతి అమ్మ చెవిన పడదు."

"కన్నతండ్రిని బెదిరిస్తున్నావా?"

"అవును."

ఆయన చేతిలోని ప్యాకెట్ మడత మడతగా నలిపాడు.

"మెషిన్లు మీ బాబాయి చూస్తాడు. ఆర్డర్లు నువ్వు చూస్తావు. నాకు మిగిలిందల్లా ఆ కూర్చోవడం ఒక్కటే తల్లీ. అదీ వాడికిచ్చేస్తే పొద్దున్నే లేచి నేనిక్కడికి ఎందుకు రావాలి?"

ఆమె తలుపు దగ్గర్నుంచి పక్కకి తప్పుకుంది.  ఆయన గది తాళం వేసుకుని, సరేనని గానీ కాదని గానీ అనకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు మేనేజరు చెప్పిన వేళకి దిగాడు. ఉత్త చేతులతో రాలేదు. పోటీవాళ్ల పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. కూతురు దాని పక్కనే తన తేలిక పెట్టె బోర్లించింది. పని ఆపి జనం చుట్టూ మూగారు. పెద్దాయన సొరుగు తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ముందు మీది చూద్దాం," అంది కూతురు. బాబాయి మేనేజరు తెచ్చిన పెట్టె మీద కూర్చుని టీ అందుకున్నాడు. రెండో గుక్కకే పెట్టె ఒక పక్కకి ఒరిగింది. మూడో గుక్క ఆయన నేలమీద కూర్చుని తాగాడు.

తర్వాత కూతురి పెట్టె. బాబాయి కూర్చున్నాడు. మళ్లీ వేడివేడిగా టీ ఇచ్చారు. ఊదుకుంటూ తాగాడు. గ్లాసు ఖాళీ అయింది. పెట్టె కదల్లేదు.

ఆమె ఊపిరి వదలబోతుండగా మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"బానే ఉంది మేడమ్. కానీ మా చైర్మన్‌గారు నన్ను పంపుతూ ఒకటే చెప్పారు. ఆ పెద్దాయన కూర్చుంటేనే నమ్ము, ఇంకెవరు కూర్చున్నా నమ్మొద్దు అని."

అందరి కళ్లూ గోడవైపు తిరిగాయి. పెద్దాయన మెల్లగా నడిచి వచ్చాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు. వెనక్కి తిరిగి, కూర్చోబోతున్నట్టు లుంగీ కాస్త పైకి సర్దుకున్నాడు. కూతురు కళ్లు మూసుకుంది.

"తమ్ముడూ, ఇలా రా," అన్న మాట వినిపించింది.

కళ్లు తెరిచేసరికి ఆయన బాబాయి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"బాబూ, మీ చైర్మన్ చూసిన మనిషి నేను కాదు. ఇదిగో, ఈ సైజువాణ్ని. అప్పుడు మా ఇద్దరికీ ఒకటే చొక్కా. ఇప్పుడు నేను కూర్చుంటే ఈ అమ్మాయి చేసిన పెట్టె విరుగుతుంది. తప్పు పెట్టెది కాదు. నాది. మా పెట్టెలు బరువెక్కాయంటే నేను బరువెక్కాను కాబట్టి."

మేనేజరు పెట్టెనీ, ఆయన పొట్టనీ మార్చి మార్చి చూశాడు.

"అయితే సగం తప్పు మీ కంపెనీది కూడా," అని పెద్దాయన మొలతాడు తాళంచెవి తీసి శాంపిల్ గది బార్లా తెరిచాడు. ఖాళీ ప్యాకెట్లు గుమ్మం దాకా జారి వచ్చాయి. "మీరు పంపినవి మీరు పంపినట్టే తిన్నాను. మీ బిస్కెట్లు నా ఒంట్లోకి, నా ఒళ్లు మీ పెట్టెలోకి వెళ్లాయి. ఇప్పుడొచ్చి పెట్టె బరువంటే ఎలా?"

మేనేజరు పెదవి బిగపట్టి ఆపుకున్నాడు గానీ, భుజాలు ఊగిపోతున్నాయి. చివరికి గోడ పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ, "ఆర్డరు మీకే సార్. ఇకమీదట శాంపిళ్లు పంపను. కొలతలు కాగితం మీద రాసి పంపుతాను," అన్నాడు.

పెద్దాయన ముఖం ఆ ఒక్క క్షణం పాలిపోయింది. అప్పుడే వెనకనుంచి ఇంకో గొంతు వినబడింది.

"ఊ."

భోజనం క్యారియర్ పట్టుకుని ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. ఆ 'ఊ' వింటే మాత్రం మొత్తం విన్నదని తెలిసింది.

"గాలి పీల్చారా?" అంది.

పెద్దాయన మీసం తుడుచుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. తాళంచెవి చేతులు మారింది.

కొత్త లైను ఆగలేదు. కూర్చునే పద్ధతీ ఆగలేదు గానీ, కూతురు దాన్ని రెండుగా చీల్చింది. బాబాయి కూర్చుంటాడు. పెద్దాయన పక్కనే నిలబడి, తన పద్ధతిలో, తన తీరికలో టీ తాగుతాడు. ఆయన గ్లాసు దించేదాకా పెట్టె నిలబడాలి. ఎంతసేపు నిలబడాలో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఆయన పొద్దున్నే లేచి రాక తప్పదు. పైగా ఇప్పుడు వెనకటికంటే మెల్లగా తాగుతున్నాడు.

కొంతకాలం గడిచింది. ఒక ఉదయం సబ్బుల ఫ్యాక్టరీకి కొత్త పెట్టె. బాబాయి కూర్చున్నాడు. పెద్దాయన గ్లాసు పెదవి దగ్గర పెట్టుకున్నాడు. 

టప్ మని చప్పుడు. బాబాయి పొట్ట దగ్గర గుండీ ఎగిరి, గాల్లో ఒక పల్టీ కొట్టి, సూటిగా అన్నగారి టీలో పడింది.

పెద్దాయన గ్లాసులోకి చూశాడు. తనతోపాటు వచ్చిన భార్య వైపు చూశాడు. ఆవిడ మరిది వైపు చూసింది.

"శాంపిల్ గదిలో మిగిలినవి పారెయ్యడానికి మనసొప్పక, నమ్మకస్తుడని తాళంచెవి మరిదిగారికి ఇచ్చాను," అందావిడ.

బాబాయి పెట్టె మీదే కూర్చుని, గుండీ పోయినచోట అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెట్టెలోంచి సన్నగా కిర్రుమని వినిపించింది.

"బాబాయ్," అంది కూతురు, "నువ్వు దిగి ఒకసారి ఆ కాటా ఎక్కు."