జైలా కాలిన ఏడు

కిపుంగ ఊళ్ళో ఏడాదిని చెప్పే పని కొంబోది. ఏడు మారే నైరూజు పండుగనాడు ఊరంతా సముద్రంలో మునిగి వచ్చాక, అతను మసీదు మెట్ల మీద నిలబడి, కిందటేడు లోకంలో ఏమేం జరిగాయో పొద్దు తిరిగేలోపు చెప్పాలి. అతని ముందు ఆ పని వాళ్ళ నాన్న చేసేవాడు. కాగితం మీద రాసుకోవడం వాళ్ళింట అలవాటు లేదు. రాసి పెడితే వినడానికి ఎవరూ రారని ముసలాయన అనేవాడు. అది నిజమే కావచ్చు.

ఉత్తరపు గాలి మొదలయ్యాక అరబ్బు రేవుల నుంచి పడవలొస్తాయి. గాలి తిరిగేదాకా వాటి సరంగులకు నీడలో కూర్చుని తాంబూలం నమలడం తప్ప పనుండదు. కొంబో వాళ్ళ పక్కన చేరి మాట్లాడిస్తాడు. ఒకడు చెప్పింది ఇంకొకడి దగ్గర ఎత్తుతాడు, వాడేమంటాడో చూస్తాడు. ఇద్దరు కళ్ళారా చూసింది మాత్రమే మెట్ల మీద చెబుతాడు. ఒక్కడే చూసింది వదిలేస్తాడు. ఆ విధంగా రెండు తలల ఒంటె, రాత్రికి రాత్రి మునిగిపోయిన దీవి, ఆడవాళ్ళే ఏలే దేశం అన్నీ గాలికి పోయాయి. ఊరివాళ్ళకు అదొక్కటే కొంబో మీద ఉన్న ఫిర్యాదు.

ఆ పట్టింపు వల్లే ఊరి కాజీ అతని మాటకు విలువిచ్చేవాడు. పైరేవుల్లో పోయినవాళ్ళ పేర్లు కొంబో నోట వస్తే వాళ్ళు పోయినట్టే. ఆ రోజు నుంచి భార్య నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా గడిపి, తర్వాత తన దారి తాను చూసుకోవచ్చు. పేరు రాకపోతే ఆ మనిషి ఎక్కడో బతికి ఉన్నట్టు. వచ్చే నైరూజు దాకా ఆ మాటకు తిరుగులేదు.

ఈసారి చెప్పాల్సింది హిజ్రీ తొమ్మిది వందల ఇరవై మూడు. పరంగీలు దాన్నే పదిహేను వందల పదిహేడు అంటారట. ఏడాది బరువైనదే. రూము దేశాన్నేలే తురుష్క సుల్తాను ఫిరంగులతో వచ్చి మిస్రు రాజ్యాన్ని మింగేశాడు. మిస్రు సుల్తానును అతని సొంత కోట గుమ్మానికే ఉరి తీశారు. తాడు రెండుసార్లు తెగింది, మూడోసారి నిలిచింది. ఖలీఫాను పడవెక్కించి రూముకు పట్టుకుపోయారు. పరంగీ ఓడలు జిద్దా ముందు లంగరేసి, రేవు మీదికి రావడానికి ధైర్యం చాలక, నీళ్ళు లేక మనుషులు చస్తుంటే వెనక్కి మళ్ళాయి. జైలా రేవు సేనాని ఎగువ కొండల్లోని క్రైస్తవ హబషీల మీదికి దండెత్తి వెళ్ళి తల పోగొట్టుకున్నాడు. సైన్యం లేని ఆ ఊరి మీద పడి పరంగీలు దాన్ని తగలబెట్టారు. ఇన్నీ విని కొంబోకు కంట తడి రాలేదు, కోపం రాలేదు. పట్టిన చేపల్ని రకం వారీగా వేరు చేసినట్టు వరస పెట్టుకున్నాడు, అంతే.

చిక్కల్లా జైలా దగ్గర వచ్చింది. ఆ రేవులో ఉన్న పడవల్లో మన తీరపు మలిందీవాళ్ళ కుట్టుపడవ ఒకటుంది. దాంట్లో కిపుంగ మనిషి ఒక్కడే, పలకలు కుట్టే ఫాకి. అరబ్బు రేవు షిహిరు నుంచి వచ్చిన పడవవాడు సాల్మీన్ తన కళ్ళతో చూశానన్నాడు. ఊరు కాలడానికి ముందురోజు సాయంత్రం ఫాకి ఆ పడవ మీద కూర్చుని తాడు పేనుతున్నాడట. తెల్లారి పడవకు నిప్పంటుకుంది. కొబ్బరిపీచు కుట్లు కాలి పలకలన్నీ విడిపోయాయి. అందులోంచి ఎవరూ దూకడం సాల్మీన్ చూడలేదు. అంతలో సాల్మీన్ పడవ సరంగు లంగరు తాడు కోసేసి పారిపోయాడు. ఈ సంగతి చూసిన ఇంకొకడి కోసం కొంబో కాళ్ళరిగేలా తిరిగాడు. దొరకలేదు.

నైరూజు వారం ఉందనగా ఫాకి భార్య మ్వానహేరి పొద్దున్నే వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"తాతా, సాల్మీన్ నీకు అన్నీ చెప్పాడంట కదా."

"చెప్పాడు."

"మరి ఆయన పేరు చెబుతావా?"

"చూసింది ఒక్కడేనమ్మా."

"ఒక్కడే మిగిలాడు కాబట్టి ఒక్కడే చూశాడు. రెండోవాడు ఆ పడవలోనే కాలిపోయుంటాడు. వాణ్ణెక్కణ్ణుంచి తేను?"

కొంబో నేల చూపులు చూశాడు. "వచ్చే గాలికి ఎవడైనా దొరక్కపోడు."

"ఆయన వెళ్ళి ఇప్పటికే రెండో ఏడు నడుస్తోంది. నీ పట్టింపుకేం తాతా, దానికి వయసు మీరదు. నాకు మీరుతుంది. పక్కింటి మకామె ఈ నైరూజు దాకా చూస్తానన్నాడు. తర్వాత వాళ్ళమ్మ చెప్పిన పిల్లని చేసుకుంటాడంట."

"నీకు మకామె మీద మనసుందా?"

"మనసు సంగతి తర్వాత. పిలిస్తే పలికే మనిషి ఇంట్లో ఉండాలని ఉంది."

ఆమె అటు వెళ్ళిందో లేదో ఫాకి తల్లి మీజె ఇటొచ్చింది. ఎండు సొర ముక్కలు ఆకులో చుట్టి తెచ్చింది. వరసకు కొంబో ఆమెకు అన్న.

"ఏం అన్నయ్యా, మా మహారాణి వచ్చి పోయిందా?"

"పోయింది."

"ఏడ్చిందా?"

"లేదు."

"ఎందుకేడుస్తుంది? నా కొడుకు చస్తే దానికి పండగ. చూడు, నువ్వు గాని వాడి పేరెత్తావంటే ఆ మెట్ల మీంచి కాలు పట్టి ఈడ్చి సముద్రంలో పారేస్తా. అన్నవని కూడా చూడను."

"ఎత్తనులేవే. సాక్షి ఒక్కడే కదా."

"వాడూ ఒక సాక్షేనా? ఆ షిహిరోడికి పక్కనున్న గాడిద కూడా కనబడి చావదు."

"సరే గాని, ఈ సొర ముక్కలు లంచమా?"

"లంచమైతే ఇంకాస్త పెద్దవి తెద్దును. నోర్మూసుకుని తిను."

నిజం చెప్పుకోవాలంటే, తన పట్టింపు ఈసారి అడ్డుగా నిలబడినందుకు కొంబో లోలోపల సంతోషించాడు. ఫాకి పేరు తన నోట రాకూడదని అతనికీ ఉంది. మ్వానహేరి మొహం గుర్తొచ్చి మాత్రం సొర ముక్కల్ని మళ్ళీ ఆకులో చుట్టేశాడు.

నైరూజు వచ్చింది. స్నానాలయ్యాక మగాళ్ళు రెండు జట్లుగా చీలి అరటిబోదెలతో కొట్టుకున్నారు. ఏడాది పొడుగునా ఎవరిమీద ఎవరికి కసి ఉన్నా ఆ పూట తీర్చుకోవాలి, మర్నాడు దాని ఊసెత్తకూడదు. ఆడవాళ్ళు ఎదురెదురు వరసల్లో నిలబడి పాటల్లో తిట్టుకుంటారు. అత్తలు ఒక వరస, కోడళ్ళు ఒక వరస. దెబ్బల కన్నా ఆ పాటలకే జనం ఎక్కువ.

మ్వానహేరి ముందుకొచ్చి చప్పట్లు చరుస్తూ ఎత్తుకుంది. "మా అత్తకు మతిమరుపమ్మా, ఇద్దరమే ఉన్నాం ఇంట్లో, మూడు కంచాలు పెట్టమంటుంది!"

కోడళ్ళు ఘొల్లుమన్నారు. మీజె నడుం మీద చేతులేసుకుని అందుకుంది. "మా కోడలికి ఆకలమ్మా, మొగుడి కంచం ముందుండగా, పక్కింటి కంచంలోకి తొంగి చూస్తుంది!"

ఈసారి అత్తల వంతు. మకామె ఎక్కడున్నాడో అని జనం మెడలు సాచి వెతికారు. మ్వానహేరి మళ్ళీ పాట ఎత్తలేదు. చప్పట్లు ఆపేసి మామూలు గొంతుతోనే అంది.

"చూస్తున్నానత్తా. ఆ మూడో కంచంలో రోజూ వేడన్నం పెట్టమంటావు. పెడుతున్నా. పారబొయ్యడానికి నాకు చేతులు రావు. మర్నాడు పొద్దున ఆ చద్దన్నం నేనే తింటున్నా. ఒక్క రోజు తప్పలేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అడిగావా, ఆ అన్నం ఏమవుతోందే అని?"

ఎవరూ నవ్వలేదు.  మీజె వరసలోంచి తప్పుకుని వెళ్ళి మసీదు గోడ పక్కన కూలబడింది.

పొద్దు నడినెత్తికి రాకముందే కొంబో మెట్లెక్కాడు. కాజీ పక్కనే చాప మీద కూర్చున్నాడు. మిస్రు సుల్తాను ఉరి దగ్గర తాడు తెగిన సంగతి పిల్లలు రెండుసార్లు చెప్పించుకున్నారు. ఖలీఫాను పట్టుకుపోయారనగానే మసీదు ఇమాము గాభరాగా లేచాడు.

"మరి శుక్రవారం ప్రార్థనలో ఎవరి పేరు తలుచుకోవాలయ్యా?"

"పేరు మింగేసి 'మన పాదుషా' అనెయ్యండి. ఎవడైతే వాడికి చెందుతుంది," అన్నాడు వెనక నుంచి ఎవరో. అందరికీ అది బాగానే ఉందనిపించింది. కొంబో జిద్దా చెప్పాడు, హబషీల యుద్ధం చెప్పాడు. జైలా దగ్గరికి వచ్చాడు.

"ఊరు కాలింది. రేవులో పడవలు కాలాయి. మలిందీవాళ్ళ కుట్టుపడవ కాలిందని చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. రెండో మనిషి లేడు. అందుకని పేర్లు చెప్పను."

మ్వానహేరి చూపు దించుకుంది. కొంబో తర్వాతి మాట అందుకోబోయాడు.

"ఆగు అన్నయ్యా." మీజె గోడ పట్టుకుని లేచింది. "రెండో మనిషిని నేనున్నా."

కాజీ తలెత్తాడు. కొంబో విసుగ్గా అన్నాడు, "నువ్వు ఊరి పొలిమేర దాటి ఎరగవు. జైలా ఎప్పుడు చూశావే?"

"జైలాతో నాకేం పని? నేను చూసింది ఇక్కడే. నా కొడుకు ఏ రేవు వెళ్ళినా, ఇటు బయల్దేరే మొదటి పడవలో నాకు ఖర్జూరం బుట్ట పంపుతాడు. మూత తనే కుడతాడు, పడవ పలక కుట్టినట్టు, ముడి పైకి కనబడకుండా. పదిహేనో ఏట నుంచీ అంతే. జ్వరమొచ్చి పడుకున్నప్పుడూ పంపాడు. నాతో దెబ్బలాడి వెళ్ళినప్పుడూ పంపాడు, తిట్లు కూడా కలిపి పంపాడు." ఊపిరి తీసుకుంది. "ఈ గాలికి పదకొండు పడవలొచ్చాయి. పదకొండూ ఎక్కాను. ఉన్న బుట్టలన్నీ తిరగేశాను. ఒక సరంగు నన్ను దొంగదాన్నని మెడ పట్టి గెంటాడు. ఎవరికీ చెప్పలేదు నేను. ఆ షిహిరోడు వాడు పోవడం ఒక్కసారి చూశాడు. నేను పదకొండుసార్లు చూశాను. ఇంకా చాలదా నీకు?"

కొంబో కాజీ వైపు చూశాడు. కాజీ నెమ్మదిగా తలూపాడు. లేనిదాన్ని చూడటం కూడా చూడటమేనా అని కొంబోను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే కాదనేవాడే. మీజె మొహంలోకి చూస్తూ మాత్రం ఆ మాట అనలేకపోయాడు. అతనికి చెల్లెలి మీద జాలేసింది, తన మీద తనకు సిగ్గేసింది.

"ఫాకి," అన్నాడు. "మన మీజె కొడుకు. జైలా రేవులో, పడవతో పాటు పోయాడు."

వరసలోంచి ఒక కేక వినిపించింది. మ్వానహేరి మోకాళ్ళ మీద పడి, ఇసుక పిడికిళ్ళతో పట్టుకుని, మొగుడి పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. ఆమె అట్లా ఏడవగలదని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకున్నట్టు లేదు.

జనం దారిచ్చారు. మీజె వచ్చి ఆమె పక్కన కూర్చుని, తన పైబట్ట తీసి కోడలి తల మీదుగా కప్పింది.

"ఇప్పుడేడుస్తావేంటే పిచ్చిదానా, నువ్వడిగిందేగా ఇది," అంది. "లే. ఇంటికి పోదాం. ఇవాళ రెండు కంచాలే పెడదాం."