అద్దె జర్నల్

నేలల మీద పరిశోధనలు వేసే జర్నల్ మా కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లలో తెరుచుకోవడం మానేసిన రోజే, నేలల శాఖ పెద్ద మాస్టారు లైబ్రేరియన్‌నైన నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఈ ఏడు చందా కట్టలేకపోయాం మాస్టారూ. రేటు మళ్లీ పెంచారు," అన్నాను.

"కొత్తవి పోతే పోనీ. పాతవేమయ్యాయి? వాటికి కట్టాం కదమ్మా."

"కట్టింది అద్దె మాస్టారూ. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయించారు."

కాగితం మీద వచ్చే రోజుల్లో చందా ఆపినా పాత సంచికలు బీరువాలో మిగిలేవి. ఆన్‌లైన్‌లో ఉండగా ఈ దుమ్మెందుకని వాటిని తూకానికి అమ్మించింది ఈయనే. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె.

"రాసేది మనం, తప్పులు పట్టేది మనం. పైసా ఇవ్వకుండా తీసుకుని మళ్లీ మనకే అమ్ముతారు. జలగలు," అని ఆయన తిడుతుండగానే ఫోన్ టింగుమంది. చూసుకున్నారు. మొహం వెలిగిపోయింది. ఆ జర్నల్ వాళ్లే ఎవరిదో కొత్త వ్యాసం పంపి, అచ్చుకు పనికొస్తుందో లేదో చూసిపెట్టమన్నారు. ఊరికేనే.

"చూశావా, నన్నే అడిగారు," అంటూ సరేనని నొక్కేశారు. కొరివితో తల గోక్కునేవాడికి ఎవరేం చెప్తారు?

అక్కడే కూర్చుని కాసేపు చదివాక ఆయన గొంతు తగ్గింది.

"అమ్మా, అదే జర్నల్లో వచ్చిన ఒక పాత వ్యాసం తప్పని ఇందులో అంటున్నారు. అది చూడందే నేనేమీ రాయలేను. నా దగ్గరున్న కాపీ పాత కంప్యూటర్‌తోనే పోయింది. ఎక్కడైనా తెప్పించగలవా?"

"ఎవరిది మాస్టారూ?"

"నాదే."