మెడ ఉన్న ఫ్లాంజి

మా బావ ఫ్యాక్టరీలో వెల్డరు. నేను ఆయన పక్కన పైపులు కోసి అమర్చే ఫిట్టర్ని. ఏడాదిగా ఆయన కళ్ళు మసకేస్తున్నాయి. ఆ సంగతి నాకూ అక్కకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ పొద్దున బయల్దేరుతుంటే అక్క నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"ఒరేయ్, అతుకుకి ఎక్స్‌రే తీసే పని ఏదీ మీ బావ దాకా రానివ్వకు. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే ఆ మనిషితో నేను వేగలేను."

తీరా చూస్తే ఆ రోజు పని యాసిడ్ లైను మీద. అంగుళం పైపు. మనుషులు నడిచే దారి మీదుగా పోతుంది. స్టోర్‌లో పైపు కొసలకి అతికి, బోల్టులతో బిగించే ఇనప బిళ్ళలు, ఫ్లాంజిలు, రెండు రకాలున్నాయి. ఒకటి సాకెట్‌ది. పైపు కొస గిన్నెలోకి దిగినట్టు దిగుతుంది, బయట చుట్టూ వెల్డింగ్ పెడితే సరి. బావ ఆ పని ఇంకా చేతి అలవాటుతోనే లాక్కొస్తున్నాడు. రెండోది మెడ ఉన్నది. పైపునీ మెడనీ కొసాకొసా ఆనించి, లోపలి అంచుదాకా కరిగించి అతకాలి. అతుకు లోపల లోపముందేమోనని దానికి ఎక్స్‌రే తీస్తారు.

"చిన్న పైపే కదా. ఏది వేద్దాం?" అన్నాడు సూపర్‌వైజర్. పనివాళ్ళని అడిగి చేసే మనిషి. అలాంటివాళ్ళు నాకు తక్కువే తగిలారు.

"ఇదే సార్, తొందరగా తెములుతుంది," అని సాకెట్‌ది చేతికందించబోయాను.

బావ మధ్యలో అందుకుని, లోపల వేలు పెట్టి తిప్పాడు.

"ఆవిరి లైనైతే ఇదే వేసేవాణ్ణి సార్. వేడికి పైపు సాగుతుందని అడుగున కాస్త సందు వదులుతాం. ఆ సందులో యాసిడ్ నిలబడి లోపల్నుంచి తినేస్తుంది. మెడ ఉన్నదే వెయ్యాలి."

నేను ఆయన కాలు తొక్కాను.

"కాలు తియ్యరా, బూట్లు కొత్తవి," అన్నాడు పైకే.

"అయితే ఎక్స్‌రే ఉంటుంది మరి," అన్నాడు సూపర్‌వైజర్.

"ఉంటుంది. అందుకే నాకివ్వకండి. నాకు అంచు కనబడ్డం లేదు."

నేనైతే నోరు మూసుకునేవాణ్ణి. ఈ ఫ్యాక్టరీ నాకేం ఒరగబెట్టిందని? కానీ ఆయన ఆ మాట సూపర్‌వైజర్ మొహంలోకి చూస్తూ చెప్పాడు. అంత దర్జాగా తన పొట్ట తనే కొట్టుకున్నవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

సూపర్‌వైజర్ పక్క షెడ్డులోని వెల్డరమ్మని పిలిపించాడు. బావ ఇకమీదట ఫిట్టింగే చెయ్యాలన్నాడు.

"అంటే నా కింద హెల్పరువి. అక్కకెవరు చెప్తారు?" అన్నాను మండిపోతూ.

"నువ్వే. నీకు తిట్లు అలవాటేగా."

బావ పైపు కొస చుట్టూ బొటనవేలు తిప్పి, మెడకి ఆనించి పట్టుకున్నాడు. వెల్డరమ్మ ముసుగు దించబోతూ ఆగి, ఆ కుదురు చూసి, "పెద్దాయనా, రేపు కూడా నాకు మీరే పట్టాలి," అంది.

సాయంత్రం అక్కకి చెప్పాను. ఇద్దర్నీ కలిపి తిట్టింది. తర్వాత బావకి కంచం పెడుతూ, ఆయన వైపు చూడకుండానే, "రేపు సెలవడుగు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది.