కుంటలో కలిసిన కార్లు

కుంట ఒడ్డున గొర్రెలు పడి ఉన్నాయి. కొన్ని అప్పటికే బిగుసుకుపోయాయి. కొన్ని నోట నురగతో కాళ్లు కొట్టుకుంటున్నాయి. నీటి మీద నూనె తెట్టె రంగురంగులుగా మెరుస్తోంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. పైన గుట్ట మీద రేకుల గోడ, గోడ వెనక కార్ల తుక్కు యార్డు.

బీరప్ప చచ్చిన పొట్టేలును భుజాన వేసుకుని యార్డు గేటు దగ్గరికి పోయాడు. వెనకే భార్య సైదమ్మ.

"సారూ, మీ నూనె తాగి నా జీవాలు సచ్చినయి. జర దిగి సూడుండ్రి."

యార్డు నడిపే కాంట్రాక్టర్ కారు దిగలేదు. "రోగమొచ్చి సస్తే నాకేం సంబంధం? గేటు ముందటి నుంచి తీసెయ్ దాన్ని" అన్నాడు. వాచ్‌మన్ నెట్టాడు. పొట్టేలుతో సహా బీరప్ప కంకరలో పడ్డాడు.

లోపల పనివాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు. వాళ్లలో ఇస్రాయేలు ఉన్నాడు. అతనికి సద్ది తెచ్చిన భార్య మెర్సీ గేటు పక్కనే ఉంది. సైదమ్మ కళ్లు కాంట్రాక్టర్ మీద కాదు, మెర్సీ మీద పడ్డాయి.

పట్నంలో పాత కారు తుక్కుకిస్తే కొత్త కారు పన్నులో సర్కారు రాయితీ ఇస్తుంది. గాలి బాగుపడుతుందని చెప్పారు. ఆ కార్లన్నీ లారీలెక్కి దేవరకొండ దాటి ఈ గుట్టల్లోకి వచ్చాయి. పనులు మాత్రం చర్చి వాడ వాళ్లకే దొరికాయి, గొర్రెల కాపర్లకు ఒక్కటీ రాలేదు. మొన్నటిదాకా సైదమ్మతో పత్తి ఏరిన మెర్సీ ఇప్పుడు కూలికి రావడం లేదు. ఇంటి ముందర కారు వెనక సీటు వేసుకుని, దాని మీద కాళ్లు ముడుచుకుని కూరగాయలు కోస్తుంది. ఆ సీటు కంటబడకుండా సైదమ్మ చుట్టుదారిన పోయేది.

"మీ మొగోళ్లే గదనే మా జీవాలను పొట్టనవెట్టుకున్నది!" అని గేటు దగ్గర అరిచింది సైదమ్మ.

"పనిచ్చినోన్ని అడుగు, నన్నడుగుతవేంది?" మెర్సీ గొంతు లేచింది. "మీ బాయికాడ మాకు దూరం నుంచి నీళ్లు పోసిన్నాడు నాకెంత మండిందో ఎన్నడన్న అడిగినవా? ఇయ్యాల మా ఇంట్ల పొయ్యి మండుతాంటే నీ కండ్లు మండుతున్నయి."

కాంట్రాక్టర్ కారు అద్దం దించి అంతా విన్నాడు. ఆయనకు కావలసింది దొరికింది.

మర్నాడు బీరప్పను పిలిపించాడు. "కేసులు గీసులు పెట్టకు. నీ కొడుకుకు పనిస్త. ఆ వాడోళ్లకు తలపొగరెక్కింది, ఒకన్ని తీసేస్త." వాడలో ఇంకో మాట చెప్పించాడు: "గొర్లోళ్లు మీ పని గుంజుకుంటున్రు."

తీసేసింది ఇస్రాయేలును. చేతులకు గ్లౌజులు అడగడమే అతని తప్పు.

బీరప్ప వద్దన్నాడు. సైదమ్మ వినలేదు. "పోయిన గొర్లు ఎట్లాగు పోయినయి, పనన్న రానీ." కొడుకు గిరి యార్డుకు పోయిన రోజున ఆమె పని లేకపోయినా మెర్సీ ఇంటి ముందు నుంచి రెండుసార్లు తిరిగింది.

ఆ సంబరం నిలవలేదు. ఒక సాయంత్రం గిరి అన్నం ముట్టలేదు. అరచేతుల్లో తోలు ఊడి ఉంది.

"అమ్మా, నన్ను ఏం పనికి పెట్టిన్రో ఎరికెనా? ఇంజన్ల నూనె, బ్యాటరీల యాసిడ్ గోడ కింది మోరీల పొయ్యాలె. సీట్ల స్పాంజి కాలవెట్టాలె. ఆ మోరీ కుంటల వడ్తది. అప్పుడు ఇస్రాయేలన్న పోసిండు, ఇప్పుడు నేను పోస్తున్న. మన గొర్లకు నేనే మందు పెడుతున్ననే!"

పొద్దున్నే సైదమ్మ మెర్సీ ఇంటికి పోయింది. సీటు మీద ఇస్రాయేలు ముడుచుకుని దగ్గుతున్నాడు. అతని అరచేతులూ అలాగే ఉన్నాయి.

"ఏందే, కండ్లు సల్లవడ్డయా?" అంది మెర్సీ.

"వడ్తయనుకున్న. వడలే. నా కొడుకు చేతులు గూడ గిట్లనే అయినయి."

మెర్సీ ఇస్రాయేలు చేతుల వైపు చూసింది. తర్వాత మొగుణ్ణి జరగమని, "కూసో" అంది. సైదమ్మ ఆ వాడలో ఏనాడూ కూర్చోలేదు. ఆ రోజు కూర్చుంది.

ఇద్దరూ కలిసి కూలీలనూ కాపర్లనూ పిలిచి బడి ముందర మీటింగు పెట్టారు. అది మీటింగులా మొదలవలేదు, తగాదాలా మొదలైంది.

"యార్డు బందువెడితే మేమేం తినాలె? మీ కుళ్లుకు మా పొట్ట కొడ్తరా?" యార్డు కూలీ భిక్షం అరిచాడు.

"మా బోరు నీళ్లు గూడ వాసనొస్తున్నయి. తాగి సావాల్నా?" ముసలి కాపరి గాలయ్య కర్ర ఎత్తాడు.

ఇస్రాయేలు దగ్గు ఆపుకుంటూ లేచాడు. "ఒగన్ని జూసి ఒగడు ఏడ్సినం. పట్నపోడు కొత్త కారెక్కి మంచిగాలి పీలుస్తాండు. ఆయన పాత పొగ, ఆయన పాత నూనె మన నెత్తిన గుమ్మరించి కాంట్రాక్టర్ మేడ కడ్తాండు. కుళ్లుకుంటే గాళ్లను జూసి కుళ్లుకోవాలె!"

"పని ఇడ్సిపెట్టుమంటవా?" భిక్షం అడిగాడు.

"ఎందుకిడ్సిపెట్టాలె? పనీ కావాలె, నీళ్లూ కావాలె. నూనె ఇంకకుండ గచ్చు వెయ్యాలె, కుంట సాఫ్ చెయ్యాలె, కూలోళ్లకు దవాఖాన ఖర్చు పెట్టుకోవాలె. అప్పటిదాంక ఒక్క బండి లోపలికి పోవద్దు."

భిక్షం మొదట చెయ్యెత్తాడు. తర్వాత అందరూ ఎత్తారు, చేతులు లెక్కపెట్టేవాళ్లే లేకపోయారు.

తెల్లారి కార్ల లారీలు గుట్ట ఎక్కుతుంటే దారి నిండా గొర్రెలు. వాటి వెనక కూలీలు, కాపర్లు కలిసి కూర్చున్నారు. కాంట్రాక్టర్ మైకు తీసుకున్నాడు.

"మెర్సీ! రేపటి నుంచి ఇస్రాయేలుకు సూపర్‌వైజర్ పని. లేచి రా!"

అందరి తలలూ తిరిగాయి. సైదమ్మ కళ్లు మళ్లీ మండాయి. లేస్తుందా? లేస్తే?

మెర్సీ లేచింది. "మా ఆయనకు ఊపిరే ఆడ్తలేదు. నీ కుర్సీ నువ్వే ఉంచుకో!"

జనం హోరెత్తారు. పోలీసులు దిగారు. లీడరెవరని అడిగారు. కాంట్రాక్టర్ మెర్సీ వైపు వేలు చూపించాడు. ఆమెను చెయ్యి పట్టి వ్యాన్ ఎక్కించారు.

సైదమ్మ గొర్రెలను తోసుకుంటూ పరుగెత్తింది.

"గదొక్కతే లీడరా? సచ్చినయి నా జీవాలు! కాలినయి నా కొడుకు చేతులు! దానికంటె నేనేం తక్కువ?"

కానిస్టేబుల్ అడ్డంపడ్డా ఆమె వ్యాన్ మెట్టు ఎక్కేసింది.

"దీంట్ల గూడ నాతోటి పోటీయేనా?" అంది మెర్సీ.

"మరేందే!"

భిక్షం ఎక్కాడు. గాలయ్య ఎక్కాడు. గిరి ఎక్కాడు. వ్యాన్‌లో జాగా అయిపోయింది. మిగిలినవాళ్లు మమ్మల్ని ఎందుకు పట్టుకోరని పోలీసుల మీద పడ్డారు. వ్యాన్ కదిలితే ఊరు దాని వెంట దేవరకొండ ఠాణాకు నడిచింది. వెనక గొర్రెలు దారి వదలకపోవడంతో లారీల డ్రైవర్లు ఒక్కొక్కరే బండ్లు వెనక్కి తిప్పుకున్నారు.