కోళ్లు తిన్న తెల్లారి

మా బూర్గంపాడు బడిలో వంట చేసే పిచ్చమ్మ జనవరి ఒకటిన పుట్టింది. ఆమె మొగుడూ ఆ రోజే, వాళ్ల వాడకట్టులో సగం మందీ ఆ రోజే. పుట్టిన తేదీ తెలియని వాళ్లందరికీ ఆధార్ కార్డులో అదే పడింది మరి.

నేను రోజూ ప్రార్థనకు ముందు బోర్డు మీద 'చరిత్రలో ఈ రోజు' అని రాసి చదువుతాను. పిల్లలు ఆవలిస్తారు. చెవులు రిక్కించి వినేది పిచ్చమ్మ ఒక్కతే. రెండేళ్లుగా ఆమెది ఒకటే ప్రశ్న.

"మేడమ్, ఊరంత కోళ్లు కోసుకొని తిన్నది ఏ దినం?"

వాళ్లమ్మ చెప్పిందట: "కోళ్లు తిని సావు కోసం కూసున్నం. తెల్లారింది, ఎవ్వరం సావలే. అప్పుడు నువ్వు పుట్టినవ్ బిడ్డా." అంతకు మించి చెప్పకుండానే నిరుడు ఆ తల్లి పోయింది.

"కోడికూర తినడం కూడా చరిత్రేనా? ప్రతి ఆదివారం తింటూనే ఉన్నారుగా!" అని విసుక్కునేదాన్ని. నాకు రాజులు కావాలి, యుద్ధాలు కావాలి.

మొన్న జూలై పదకొండున రెండు సంగతులు రాశాను. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశం నుంచి కూలింది. 1987లో ప్రపంచ జనాభా ఐదు వందల కోట్లకు చేరింది. నిరుడూ ఇవే రాశాను. ఈసారి మధులత అనే ఐదో తరగతి పిల్ల లేచి, "అది మన మీద పడ్డదా మేడమ్?" అంది.

"లేదు, ఎక్కడో ఆస్ట్రేలియా వైపు పడింది. మన వాళ్లు మాత్రం అందరం పోతామనుకున్నారు. మా తాతయ్య చెప్పేవాడు, ఎలాగూ పోయేవాళ్లమే కదా అని మేకల్నీ కోళ్లనీ..."

గభాలున వెనక్కి తిరిగాను. వంటగది గుమ్మంలో పిచ్చమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"కోసుకొని తిన్నరా మేడమ్?"

"తిన్నారు," అన్నాను. నిజంగా సిగ్గేసింది.

"అయితే ఇయ్యాలనా నా దినం?"

"ఇవాళ కాదు. అది మన రాత్రి పూట కూలింది. నువ్వు తెల్లారి పుట్టావు. రేపు."

మర్నాడు నాకంటే ముందే వచ్చింది, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని. బోర్డు మీద రాశాను: '1979 జూలై 12: ఆకాశం కూలలేదు. పిచ్చమ్మ పుట్టింది.' ఆమెకు చదువు రాదు. మధులతతో రెండుసార్లు చదివించుకుంది. కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"కోళ్ల ముచ్చట ఏది మేడమ్? మా అమ్మ చెప్పింది గదే గద."

బుద్ధిగా సుద్దముక్క తీసుకుని కోళ్లను కూడా రాశాను.