రూబెన్ కొడుకు

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆయన దేవేంద్ర, రూబెన్ హేల్. కూతురు ఆశ్రిత అనంతపురం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది కాబట్టి దాని చోటు కూడా రూబెనే ఆక్రమించాడు. ఆయన అమెరికాలో ట్రంపెట్ ఊదిన మనిషి, చనిపోయి చాలా కాలమైంది. చనిపోయినవాడు ఇంత గోల చేస్తాడని నేనెప్పుడూ అనుకోలేదు.

మా ఆయన కళ్యాణదుర్గంలో రామాంజనేయులు బ్యాండ్‌సెట్‌లో ట్రంపెట్ ఊదుతాడు. ఒకసారి పుట్టపర్తికి ఊదడానికి పోతే, ఆశ్రమానికి వచ్చిన తెల్లాయన ఒకడు దారి పక్కన నిలబడి చివరిదాకా విని, ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి చేతిలో పెట్టాడు. రూబెన్ జీవితమంతా ఊదిన రికార్డులు అందులో వరసగా ఉన్నాయి. పేరు, ఏడాది తప్ప ఇంకేమీ రాసి లేదు. ఆ సంగీతాన్ని జాజ్ అంటారట.

అప్పటినుంచి మా ఆయనకు చదువు మొదలైంది. ఇంటర్లో ఇంత చదివి ఉంటే పాసయ్యేవాడు. స్పీకర్ డబ్బా ముందు కూర్చుని ఒక్క పాటనే మళ్లీ మళ్లీ వినేవాడు. రూబెన్ ఎక్కడ ఊపిరి పీల్చాడో అక్కడ తనూ పీల్చి చూసుకునేవాడు. నేను పక్కన విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే, వద్దన్నా చెవిలో పడేది. కుర్రతనంలో రూబెన్ గోడ దూకే మేకపిల్లలా ఊదాడు. నడివయసుకు వచ్చేసరికి పైస్వరం ఎక్కాడంటే దిగడు. ఆపైన కొన్నేళ్లు ఏమీ లేదు. మళ్లీ మొదలైన రికార్డుల్లో ఊదే తీరు వేరు. ట్రంపెట్ కింది స్వరాల్లోనే తిరుగుతుంది. నాలుగు ముక్కలు ఊది ఆగుతుంది, తీరికగా మళ్లీ అందుకుంటుంది.

"ఇది ఆయప్ప కాదు. ఆయప్ప కొడుకు ఊదతాండాడు" అని మా ఆయన తేల్చేశాడు.

నేనూ సరే అన్నాను. బ్యాండువాళ్లలో జరిగేది అదే కదా. కదిరి బాలప్ప బ్యాండు అని ఊరూరా పేరు. అసలు బాలప్ప పోయి ఎన్నేళ్లయిందో. తండ్రి మూతి పట్టు సడలగానే కొడుకు అందుకుంటాడు, బోర్డు మీద పేరు మారదు, జనం కొడుకునే బాలప్ప అని పిలుస్తారు. అమెరికా అయితే మాత్రం ఆకలి వేరుగా ఉంటుందా? కొడుకు రికార్డులని తేలాక మా ఆయన వాటి జోలికి పోలేదు.

మొన్న చలికాలంలో ఒకరోజు పొద్దున మా ఆయన నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమపక్క నుంచి కారిపోయాయి. చూస్తే మూతి కుడివైపుకు లాగేసింది, ఎడమ కన్ను మూతపడడం లేదు. గాలి సోకిందని ఇరుగుపొరుగు అన్నారు. అనంతపురం డాక్టరు మాత్రం అది ముఖం నరం జబ్బనీ, చాలామందికి నయమవుతుందనీ చెప్పి మాత్రలిచ్చాడు. ఎండలు ముదిరేసరికి ముఖం దారికి వచ్చింది. నవ్వితే తప్ప వంకర తెలియదు, ఈయన నవ్వేదెప్పుడు గనక.

పెదవి మాత్రం రాలేదు. ట్రంపెట్ ఆనిస్తే ఎడమపక్క నుంచి గాలి బుస్సుమని పోతుంది, పైకి ఎక్కబోతే స్వరం చీలిపోతుంది. రోజూ పొద్దున ఆ చీలిక వినడం, అన్నం ముందు ఈయన తల వంచుకుని కూర్చోవడం.

పెళ్లిళ్లు మొదలవుతుండగా రామాంజనేయులు ఇంటికి వచ్చాడు.

"దేవేంద్రన్నా, శుక్రవారం పెండ్లి ఉండాది. కదిరి బాలప్పను రమ్మన్నా. నువ్వు ఊదేదైతే చెప్పు. కాదంటే ట్రంపెట్ ఇచ్చెయ్ అన్నా, వేరే మనిషిని పెట్టుకోవల్ల" అన్నాడు. ట్రంపెట్ బ్యాండుది, మాది కాదు.

"శుక్రవారం తెచ్చిస్తాలేప్పా" అన్నాడు మా ఆయన, చెంబు అడిగితే ఇచ్చినంత తేలికగా.

రామాంజనేయులు పోయాక నా వైపు తిరిగి, "రూబెనంతటోడే కొడుక్కిచ్చి పక్కకు తప్పుకున్యాడు. నేనెంత?" అన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నానే గాని, స్పీకర్ డబ్బా మీద తువ్వాలు కప్పి ఉండడం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టే అనిపించింది.

బుధవారం ఆశ్రిత ఫోన్ చేసింది. తండ్రి మాట విని, ఆ కొడుకు పేరేదో కనుక్కుందామని ఫోన్లో వెతికిందట.

"మా, రూబెన్‌కు పిల్లల్లేరు. కొడుకూ లేడు, కూతురూ లేదు. కారు గుద్దుకోని పై పండ్లు పోయినాయంట. కొన్నేండ్లు ట్రంపెట్ ముట్టుకోలేదంట. మళ్ల మొదట్నుంచి నేర్చుకోని ఊదినాడంట. ఆ రికార్డులన్నీ ఆయప్పవే."

"మీ నాయనకు చెప్పొద్దు, నేను చెప్తా" అని ఫోన్ పెట్టేశాను. మింగలేక కక్కలేక అయింది నా పని. ఏదో ఒకటి అనుకుని మనిషి కుదుటపడ్డాడు. ఇప్పుడు ఈ మాట చెబితే ఊరుకుంటాడా? శుక్రవారం నడిబజార్లో ఊదుతానంటాడు. చీలిపోతే? ఇంతకాలం ఈయన ఊదుతుంటే ఎగిరిన కుర్రాళ్లే పకపకా నవ్వితే, ఆ మనిషిని మళ్లీ నేను లేపగలనా? చెప్పకపోతే ట్రంపెట్ పోతుంది. అబద్ధం మీద పోతుంది. శెనక్కాయలు ఒలుస్తూ గింజలు పొట్టులో, పొట్టు గింజల్లో వేశాను.

దీపాల వేళకు చెప్పేశాను. నా కడుపులో ఏదీ దాగదు.

"అబద్ధం" అన్నాడు మా ఆయన. కోపంగా నా వైపే చూశాడు, ఆ కారు నేనే నడిపినట్టు. తర్వాత లేచి తువ్వాలు తీసి, ఇన్నాళ్లూ వదిలేసిన రికార్డు పెట్టి, చెవి డబ్బాకు ఆనించాడు. పాట అయిపోయింది. మళ్లీ పెట్టాడు.

"ఈడ విను. బుస్సుమంటాండాది. పాత రికార్డు చప్పుడనుకున్యా ఇన్నాళ్లు. గాలే అది. ఆయప్పకూ పక్కకు పోతాండాది."

నేను విన్నాను. ప్రతి స్వరం వెనక సన్నగా అదే చప్పుడు, రోజూ పొద్దున మా వసారాలో వింటున్నదే.

ఆ రెండు రోజులు నేను చావలేదంతే. మా ఆయన ట్రంపెట్ మౌత్‌పీస్‌ను పెదవి మీద కుడివైపుకు జరిపి పట్టాడు. పైకి పోవడం మానేశాడు. రెండు ముక్కలు ఊది, గాలి నిలుపుకుని, మూడోది. బాగుందో లేదో నాకు తెలియలేదు. పెదవి పొక్కింది. "గుడ్డికన్నా మెల్ల నయం" అని వెన్న రాశాను.

శుక్రవారం సాయంత్రం పెళ్లికూతురిని ఊరేగించే మెరవణి. రామాంజనేయులు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు, ఒక్క పాటకు. బాలప్ప ఈయన పక్కనే నిలబడాలి, తేడా వస్తే అందుకోవాలి. నేను జనం వెనక, మూసిన ఎరువుల కొట్టు అరుగు మీద నిలబడ్డాను. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, కొందరికి రెండుసార్లు.

డ్రమ్ము మొదలైంది. ట్రంపెట్ లేచి, మొదటి స్వరమే చీలిపోయింది.

"ఏమప్పా, ట్యూబు పంచరా?" అన్నాడొక కుర్రాడు. అందరూ నవ్వారు. నేను షట్టరు వైపు తిరిగిపోయాను. ట్రంపెట్ ఆగిపోయింది. డ్రమ్ము ఒక్కటే మోగుతోంది.

మళ్లీ ట్రంపెట్ వినిపించింది. కిందనే, నిదానంగా, ఆగి ఆగి. నవ్వులు తగ్గాయి. బాలప్ప అందుకున్నాడన్నమాట. ఎంత బాగా ఊదుతున్నాడు పాపిష్టివాడు, అనుకున్నాను. మా ఆయనను ఇంటికి తీసుకుపోదామని జనాన్ని తోసుకుని ముందుకు పోయాను.

బాలప్ప ట్రంపెట్ చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊదుతున్నది మా ఆయన. పెదవి ఎడమ కొస నుంచి చొంగ గడ్డం మీదికి కారుతోంది, తుడుచుకోవడం లేదు. పెళ్లయినప్పటినుంచి ఈయన ఊదడం వింటున్నాను, ఏ వీధిలో ఊదినా గుర్తుపడతానని గొప్పలు చెప్పుకున్నదాన్ని. గుర్తుపట్టలేకపోయాను. అక్కడే, పెళ్లివాళ్ల నడుమ, నేను గట్టిగా ఏడ్చేశాను.